కురచైన కాడి

"ఇంకెన్నిసార్లు అడుగుతావు అమ్మాయ్? ఇరా క్రౌలీని చంపింది నేనే. రాసుకో. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను."

ఆర్మాండ్ టెరియో ఆ మాట ఆఫీసు గదిలో బల్లకేసి చూస్తూ అన్నాడు. ముందున్న కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది. పక్కన డెల్ఫీన్ దారిలో కొనుక్కొచ్చిన ఎర్ర సాసేజీ బన్ను పొట్లం విప్పినది విప్పినట్టే ఉంది. డెబ్బయి దాటినా మొన్నటిదాకా నిచ్చెనలెక్కి దిగిన మనిషి, సోమవారం నుంచి శనివారానికల్లా కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వస్తోంది.

ఆ బన్ను వంక చూడాలన్నా డిటెక్టివ్ డెల్ఫీన్ సీర్‌కి మొహం చెల్లడం లేదు. ఎందుకంటే ఆ ముసలాయన నోట్లో ఈ మాట పెట్టింది తనే.

సోమవారం పొద్దున ఇదే కుర్చీల కార్ఖానాలో, యజమాని ఇరా క్రౌలీ తన పెద్ద బ్యాండ్ రంపం మీద కుర్చీ కాళ్ళు కోస్తున్నాడు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటినీ చుట్టుకుని గిర్రున తిరిగే రంపపు పట్టీ. పై చక్రాన్ని మోసే ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది. దాన్ని ఆర్మాండ్ 'కాడి' అంటాడు. అది ఉన్నట్టుండి రెండు ముక్కలైంది. చక్రం కూలింది, పట్టీ తెగి ఇరా మెడ మీదికి ఎగిరింది. పక్కన మనిషున్నా చెయ్యగలిగేదేమీ ఉండేది కాదు.

ఆ రంపం చేసిన కంపెనీ డెల్ఫీన్ పుట్టకముందే మూతపడింది. దానికి ఒక్క నట్టు కావాలన్నా చచ్చిన మిషన్లని వెతుక్కుంటూ ఊళ్ళు తిరగాల్సిందే. మూడేళ్ళ కిందట అసలు కాడి బీటలిస్తే, ఆర్మాండ్ చెక్కతో నమూనా చెక్కి, దాన్ని ఇసకలో అద్ది, ఆ అచ్చులో ఇనుము పోత పోయించి, కొత్త కాడి తెచ్చి బిగించాడు. తన పనికి గుర్తుగా దాని మీద రెండు ఉబ్బెత్తు అక్షరాలు పెట్టుకున్నాడు: ఆ. టె.

శవం పక్కన నుంచుని డెల్ఫీన్ ఆ విరిగిన ముక్క తిప్పి చూసింది. వార్త విని పరుగెత్తుకొచ్చిన ఆర్మాండ్‌కి ఆ అక్షరాలు చూపించి, "బాబాయ్, ఇది నువ్వు చేసిందేగా?" అనేసింది. ఆలోచించి అన్న మాట కాదు. పని ధ్యాసలో నోట్లోంచి జారిన మాట. ఆర్మాండ్ ఆ రెండక్షరాలూ చూసి, రంపపు పొట్టులో అలాగే కూలబడ్డాడు. అప్పటినుంచీ ఒకటే మాట పట్టుకుని కూచున్నాడు.

"సరే, నువ్వే చంపావు," అంది డెల్ఫీన్. "ఎలా చంపావో చెప్పు. పోతలో గాలి బుడగలు వదిలేశావా?"

"లేదు."

"ఎలా తెలుసు?"

"తాడుకి వేలాడదీసి సుత్తితో కొట్టాను. గంటలా మోగింది. బుడగుంటే చచ్చు మోత మోగుతుంది."

"చిల్లులు తప్పుగా వేశావా?"

"నేనా?" ఒక్క క్షణం ఆయన కళ్ళలో రోషం మెరిసింది, మళ్ళీ ఆరిపోయింది. "లేదు. సరిగ్గానే వేశాను."

"మరి ఎందుకు విరిగింది?"

"విరిగింది కదమ్మా. మనిషి పోయాడు కదా. ఇంకా ఎందుకు, ఏమిటి అంటావేమిటి? నా చేతిలోంచి వచ్చింది, అందుకని విరిగింది."

"విరిగిన చోటు చూశావా?"

ఆర్మాండ్ చల్లారిన కాఫీ పక్కకి జరిపాడు.

"బాబాయ్, నిన్నే అడుగుతున్నాను. చూశావా, లేదా?"

"చూడలేదు. చూడను. నాకు చూపించకు."

ఈ జిల్లాలో ఏ మిషను మూలిగినా, గుమ్మంలో నుంచుని వినే రోగం చెప్పగల మనిషి, విరిగిన ఇనుము ఒక్కసారి కూడా చూడకుండా నేరం ఒప్పుకుంటున్నాడు. ఆరు రోజులనుంచీ డెల్ఫీన్ ఆయనకి వంద ప్రశ్నలు వేసింది గానీ, మొట్టమొదట అడగాల్సింది ఇప్పుడడిగింది. సిగ్గేసింది ఆమెకి.

"ఆయన చూడక్కర్లేదు డిటెక్టివ్ గారూ. నేను చూశాను," అన్నాడు తలుపు దగ్గర నుంచున్న కెండల్ ఫ్రాస్ట్.

ఫ్రాస్ట్ ఈ కార్ఖానాకి ఇన్సూరెన్సు చేసిన కంపెనీ తరఫు పరిశోధకుడు. ఒకప్పుడు పోలీసు డిపార్ట్‌మెంటులో డెల్ఫీన్ పక్క బల్ల దగ్గర కూచున్నవాడే. రెండు కేసులు ఆమెకంటే ముందు తేల్చాడు. ఆ సంగతి నోటితో ఎప్పుడూ అనడు, చిరునవ్వుతో అంటాడు. నోట్లో ఎప్పుడూ ఒక పుదీనా బిళ్ళ.

"ఏం చూశారో చెప్పండి, నేనూ తెలుసుకుంటాను," అంది డెల్ఫీన్.

"కంపెనీ ముక్క కాదు, ఇంట్లో చేసిన ముక్క. దాని మీద చేసినవాడి పేరు. చేసినవాడి నోట ఒప్పుకోలు. ఇంకేం కావాలి మీకు? ఆయన చెప్పింది అచ్చు వేయించి తెచ్చాను." కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "సంతకం పెడితే సోమవారానికల్లా ప్రాసిక్యూటరు కేసు పెడతాడు. అందరూ ఇళ్ళకి పోవచ్చు."

"అందరూనా? ఈయన జైలుకి పోతాడు."

"ఆయనకి కావలసిందీ అదేగా. పాపం, మీరే అడ్డం పడుతున్నారు."

ఆర్మాండ్ చెయ్యి కాగితం వైపు పాకింది. డెల్ఫీన్ ఆ కాగితం మీద బన్ను పొట్లం పెట్టేసింది.

"ముందు అది తిను బాబాయ్. తిన్నాక సంతకం సంగతి. నువ్వు తినేలోపు నేను రంపం దగ్గరికి వెళ్ళొస్తాను."

"నాకు ఆకలి లేదు. సాయంత్రం వెండెల్ ఎలాగూ బీన్సు గింజలు వండి తెస్తాడు," అన్నాడు ఆర్మాండ్ నీరసంగా. "రోజూ తెస్తున్నాడు, వద్దన్నా వినడు. ఉన్న ఒక్క స్నేహితుడూ వాడే ఇక."

"కాగితానికి నూనె అంటుకుంటోంది," అన్నాడు ఫ్రాస్ట్ మొహం ముడుచుకుని.

"మంచిదే," అంది డెల్ఫీన్ బయటికి నడుస్తూ.

ఫ్రాస్ట్ వెంటే వచ్చాడు. రాకుండా ఉంటాడా? ఆమె ఏం ముట్టుకున్నా కోర్టులో అడ్డం తిప్పడానికి సాక్షి కావాలిగా.

రంపం మనిషికంటే ఎత్తు. పై చక్రం పడిన చోటే గచ్చు మీద ఒరిగి ఉంది. కాడి రెండు ముక్కలూ గోనెపట్టా మీద ఉన్నాయి. డెల్ఫీన్ ముక్కల జోలికి పోలేదు. సోమవారం ముక్కలే చూసి మోసపోయింది. ఇవాళ స్టూలెక్కి, ముక్కలు ఊడిన చోటు చూసింది. మిషను వెన్నెముకలాంటి ఆ ఇనప దిమ్మకి కాడిని నాలుగు బోల్టులతో బిగిస్తారు.

"అక్కడేముంది? ఖాళీ," అన్నాడు కిందనుంచి ఫ్రాస్ట్.

"మీ ఇంట్లో గోడకి క్యాలెండరు తీసేస్తే ఏముంటుంది?"

"మేకు."

"మేకు కాకుండా?"

డెల్ఫీన్ టార్చి వేసి చూపించింది. మూడేళ్ళ నూనె, పొట్టు కలిసి దిమ్మంతా నల్లగా జిడ్డు పేరుకుంది. కాడి కూచున్న మేర మాత్రం పాత ఆకుపచ్చ రంగు శుభ్రంగా ఉంది. ఉండాల్సిందే. కానీ ఆ పచ్చ రంగు కింది అంచున వేలి గోరు పట్టేంత వెడల్పున ఒక అడ్డ గీత ఉంది. దాని మీద నూనె లేదు, జిడ్డు లేదు, పలచగా కొద్ది రోజుల పొట్టు మాత్రం ఉంది.

"కాడి మూడేళ్ళు ఇక్కడిదాకా కప్పింది," అంది గీత కింద వేలు పెట్టి. తర్వాత వేలు గీత పైకి జరిపింది. "ఈమధ్య ఇక్కడిదాకానే కప్పింది. గీత మేర బయటపడింది. ఇనుము కురచైందా ఫ్రాస్ట్ గారూ, రాత్రికి రాత్రి?"

"కాస్త పైకి జరిగి ఉంటుంది."

"జరిగితే పైన జిడ్డు చెరిగిపోవాలి. పైన సరిగ్గానే ఉంది."

ఫ్రాస్ట్ బిళ్ళ నమలడం ఆపాడు. డెల్ఫీన్ దిగి, అప్పుడు ముక్కల దగ్గర కూచుంది. బోల్టు చిల్లుల్లో పై రెండూ గుండ్రంగా ఉన్నాయి. కింది రెండూ కోడిగుడ్డులా సాగి ఉన్నాయి. లోపలి అంచుల్లో ఆకురాయి గీరిన గరుకు చేతికి తగిలింది. బోల్టులు పట్టక, ఎవరో ఆకురాయితో అరగదీసి సాగదీశారు. సందు పూడ్చడానికి వెనక పలచటి ఇత్తడి రేకు కూడా పెట్టారు. ముక్క వెనక దాని ముద్ర పడింది.

"ఆర్మాండ్ చిల్లు సాగదీస్తాడా?" అంది ఆమె.

"ముసలివాడు. చెయ్యి వణికి ఉంటుంది."

"చెయ్యి వణికితే చిల్లు తప్పుతుంది. ఇంత ఓపిగ్గా ఒకే వైపు అరగదు." లేచి గట్టిగా పిలిచింది. "బాబాయ్! దీని చెక్క నమూనా ఏదీ?"

ఆఫీసు గదిలోంచి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "ఎక్కడుంటుంది? మిషను వెనక గోడకి."

ఉంది. పసుపు రంగు వార్నీషుతో, నున్నగా, కాడి ఆకారంలోనే, మేకుకి వేలాడుతోంది. ఆర్మాండ్ పద్ధతి అది. నమూనా మిషనుని వదిలి పోకూడదు. తను పోయాక ఆ మిషను మళ్ళీ విరిగితే, ఎవరో ఊరూ పేరూ లేని వాడొచ్చి తడుముకోకూడదని.

డెల్ఫీన్ నమూనా దింపి గోనెపట్టా మీద పెట్టింది. విరిగిన ముక్కలు రెండూ కలిపి దాని పక్కన ఆనించింది. ఒక కొస సమానంగా జరిపింది. రెండో కొసన తన వేలు దూరింది. కానీ దాని అర్థం ఏమిటో ఆమెకి తెలియదు. తెలిసిన మనిషి లోపల కూచుని బన్ను వంక చూస్తున్నాడు.

"బాబాయ్, ఒక్కసారి రా."

"రాను."

"నీ నమూనా కింద పడింది. అంచు విరిగినట్టుంది."

పచ్చి అబద్ధం. ఆరు రోజుల్లో ఆయన విషయంలో చేసిన రెండో తప్పు. కుర్చీ కీచుమంది, అడుగుల చప్పుడు వచ్చింది. ఆర్మాండ్ వచ్చి, ముక్కలు కంటపడకుండా తల పక్కకి తిప్పుకుని, మోకాళ్ళ మీద కూచుని, నమూనా అంచంతా అరచేత్తో నిమిరాడు.

"ఏం విరగలేదే."

"లేదు. అబద్ధం చెప్పాను, తిట్టుకో తర్వాత. నమూనాకీ నీ కాడికీ ఎంత తేడా ఉండాలి?"

"ఇదేం ప్రశ్న? ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది. అడుగుకి ఒక నూలు." అంగుళంలో ఎనిమిదో వంతు అని ఫ్రాస్ట్ కోసం వేళ్ళ సందున చూపించాడు. "అందుకే నమూనా అంత పెద్దదిగా చెక్కుతాం. ఇది రెండడుగుల ముక్క. రెండు నూళ్ళు పెద్దది చెక్కాను. పోత పోస్తే సరిగ్గా దిగింది."

"అయితే పక్కన పెడితే రెండు నూళ్ళ సందు కనపడాలి."

"అవును."

"అయితే నా వేలు ఎందుకు దూరుతోంది?"

ఆర్మాండ్ అప్పుడు చూశాడు. చూడనని ఒట్టు పెట్టుకున్న ఆ ముక్కల్ని, తిన్నగా, కళ్ళార్పకుండా చూశాడు. చొక్కా జేబులోంచి ఉక్కు స్కేలు తీసి సందులో పెట్టాడు.

"నాలుగు నూళ్ళు," అన్నాడు నెమ్మదిగా. "అర అంగుళం." మళ్ళీ పెట్టాడు. "నాలుగు."

"అంటే?"

"అంటే ఇది నా నమూనాలోంచి వచ్చింది కాదు. నా కాడినే ఇసకలో అద్దారు. ఇనుముని చూసి ఇనుము పోశారు. రెండోసారి కుంచించుకుంది. అద్దినప్పుడు నా అక్షరాలు కూడా పడ్డాయి దీనిమీద, దొంగ సొమ్ము మీద ఇంటివాడి పేరున్నట్టు!" గొంతు లేచింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఆయన వీపు నిటారైంది. ముక్క చేతిలోకి తీసుకుని విరిగిన చోటు వెలుతురుకి పట్టాడు. "ఛీ ఛీ! చూడు, తెల్లగా, పంచదార పలుకులా. నా ఇనుము బూడిద రంగులో ఉంటుంది. ఇవి కిటికీ గుండ్లు! పాత కిటికీల్లో తాడుకి వేలాడతాయే, ఆ గుండ్లు కరిగించాడు. అంతకంటే చెత్త ఇనుము భూమ్మీద లేదు. లంగరుకైతే పనికొస్తుంది, నీళ్ళలో పడుండేదే కదా. దీన్ని తీసుకొచ్చి చక్రం మొయ్యమంటాడా, ఏ వెధవ..."

అక్కడ ఆగిపోయాడు.

సగం మాటలో ఆగిన ఆ నోరు డెల్ఫీన్ చూసింది. రోషం దిగిపోయింది. దాని వెనక అంతకంటే ఘోరమైనదేదో వచ్చి ఆయన మొహంలో కూచుంది.

సరుకు దింపే పెద్ద తలుపు తెరిచే ఉంది. నది అవతలి ఒడ్డునుంచి అప్పుడే సన్నగా రంపం కూత మొదలైంది. ఆర్మాండ్ తల అటు తిరిగింది, వెంటనే ఇటు తిప్పేసుకున్నాడు.

"ఎవరిదది?" అన్నాడు ఫ్రాస్ట్.

"వెండెల్ బీల్ గారిది. పడవలు కడతారు," అంది డెల్ఫీన్ ఆర్మాండ్ మొహం మీంచి చూపు తిప్పకుండా. "ఇరా పోయిన దగ్గర్నుంచీ రంపం ఆపేశారని ఊళ్ళో అనుకున్నారు, స్నేహితుడి మీద గౌరవం కొద్దీ. బాబాయ్, కిటికీ గుండ్లు కరిగించేది ఎవరు?"

"నాకు తెలీదు."

"లంగర్లు ఎవరు పోస్తారు?"

"తెలీదన్నానా!" ఆర్మాండ్ లేచాడు. నమూనా తీసుకెళ్ళి జాగ్రత్తగా మేకుకి తగిలించాడు. తిన్నగా ఆఫీసు గదిలోకి నడిచాడు. "ఫ్రాస్టూ! పెన్నియ్యి."

డెల్ఫీన్ వెనకే పరుగెత్తింది. ఆయన అప్పటికే బన్ను పక్కకి నెట్టి, నూనె మరకల కాగితం ముందుకి లాక్కున్నాడు.

"నీకేమైనా పిచ్చా? అది నువ్వు చేసింది కాదని నీ చేత్తోనే కొలిచావు!"

"కొలత తప్పు. ముసలాణ్ణి, కళ్ళు సరిగా ఆనవు."

"ఫ్రాస్ట్ గారూ, మీరు చూశారు. పెన్ను ఇవ్వకండి."

ఫ్రాస్ట్ పెన్ను సగం బయటికి తీసి ఆగాడు. "నేను చూసింది నా కంపెనీ అడగదు. ఆయన సంతకం అడుగుతుంది."

"కంపెనీని అడగడం లేదు. పదకొండేళ్ళు నా పక్కన కూచున్న మనిషిని అడుగుతున్నాను. అబద్ధమని తెలిసీ సంతకం తీసుకుంటారా?"

ఫ్రాస్ట్ పెన్ను బయటికీ రాలేదు, లోపలికీ పోలేదు.

"ఇయ్యవయ్యా!" ఆర్మాండ్ చెయ్యి చాపాడు. "మీకేం తెలుసు? చలికాలంలో వాడి రంపం కాడి బీటలిచ్చింది. అదీ ఇదీ ఒకే జాతి. నా దగ్గరికొచ్చి బతిమాలాడు. ఒకసారి కాదు. పోత పోసేవాళ్ళు మూసేశారు, నాకు ఓపిక లేదు, పొమ్మన్నాను. మొహం మీద తలుపేశాను. ఎలా చెయ్యాలో ఒక్క మాట చెప్పినా చేసుకునేవాడు. అడుగుకి ఒక నూలు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరు చంపినట్టు?"

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. బయట ట్రక్కు ఆగింది.

వెండెల్ బీల్ తలుపు భుజంతో తోసుకుని లోపలికొచ్చి, మడమతో మూసేశాడు. భారీ మనిషి, అరవై దాటాయి. ఒక చేతిలో గుడ్డ కట్టిన బీన్సు కుండ, రెండో చేతిలో బరువుకి భుజం వంగిపోయే క్యాన్వాసు సంచి. లోపల ముగ్గుర్నీ చూశాడు. కుండ బల్ల మీద పెట్టాడు.

"తినరా ఆర్మాండ్. వేడిగా ఉన్నాయి."

"వెండెలూ, ఇంటికి పో," అన్నాడు ఆర్మాండ్. "మాట్లాడకు. పో."

"పోలేనురా. ఆరు రోజులనుంచీ నీకు తిండి తెస్తున్నాను. నువ్వు తినవు. నువ్వు తినకపోతే నాకూ దిగదు." సంచి బల్ల మీద పెట్టాడు. బల్ల ఊగింది. మూతి విప్పితే లోపల బూడిద రంగు ఇనుము, దాని మీద రెండు ఉబ్బెత్తు అక్షరాలు. "ఇదిగో నీది. గీత కూడా పడలేదు దానికి."

ఫ్రాస్ట్ చేతిలో పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది.

"చెప్పండి," అంది డెల్ఫీన్ మెత్తగా.

వెండెల్ కూచోలేదు. నుంచునే చెప్పాడు. "ఇరా చేపలకి వెళ్ళాడు, బాయిలరు చూసుకోమని తాళంచెవి నాకిచ్చాడు. కాపీ తీసి, వాడు వచ్చేలోపు మళ్ళీ బిగించేద్దామనుకున్నాను. ముందు నీ చెక్క నమూనానే దింపానురా. కొలిచాను. ఇనుముకంటే రెండు నూళ్ళు పొడుగుంది. నది గాలికి చెక్క ఉబ్బింది అనుకున్నాను. ఇనుము అబద్ధమాడదు కదా అని ఇనుమునే అద్దాను."

ఆర్మాండ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"పోసింది కురచగా వచ్చింది. చిల్లులు సాగదీశాను. నేను కోసేది ఓక్ దుంగలు, ఇరా కోసేది సన్న కాళ్ళు. గట్టిది నాకుంచుకుని, వాడికి ఇది చాల్లే అనుకున్నాను. చాల్లే అనుకున్నానమ్మా. ఇప్పుడు కడుతున్న పడవ నీళ్ళలోకి దింపగానే మార్చేద్దామనుకున్నాను. వాడికి తెలియనే తెలియదు అనుకున్నాను." సంచి మూతి దగ్గరికి లాగాడు. "సోమవారం వాణ్ణి మొదట చూసింది నేనే. ముక్కలు చూడగానే తెలిసింది. నోరు తెరిచేలోపు ఈ అమ్మాయి నీ అక్షరాలు చదివింది. నేను నోరు మూసుకున్నాను."

ఆ మాట డెల్ఫీన్‌కి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తను ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ మనిషి సోమవారమే చెప్పేసేవాడు. కానీ ఇప్పుడు దాని గురించి బాధపడే తీరిక లేదు. ఇంకేదో ఆమె మనసులో గుచ్చుకుంటోంది. ఇక్కడ బల్ల మీద కాడి ఉంది. అవతలి ఒడ్డున రంపం కూస్తోంది.

"వెండెల్ గారూ, ఇది మీ మిషనులోంచి ఎప్పుడు తీశారు?"

"మంగళవారం."

"అయితే మీ మిషనుకి ఇప్పుడేముంది?"

"ఏం లేదు. అంటే... పోసినవి రెండు. రెండోది ఊరికే బిగించాను, నడపడానికి కాదు. ఖాళీగా కనిపిస్తే మార్నీ అడుగుతుందని." మార్నీ ఆయన కూతురు, పడవల పనిలో ఆయనకి కుడి చెయ్యి. "రంపం ముట్టుకోవద్దని చెప్పాను దానికి."

"ఎందుకు ముట్టుకోకూడదో చెప్పారా?"

"ఎందుకో ఎలా చెప్పనమ్మా?"

డెల్ఫీన్ వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. కూత లోపలికొచ్చింది, సన్నగా, ఆగకుండా, మధ్య మధ్య దుంగ తగిలినప్పుడు బరువెక్కుతూ.

"పడవ పక్కటెముకల చెక్కలు కోసేస్తానంది పొద్దున," అన్నాడు వెండెల్. "వారం నుంచీ పని ఆగిపోయింది నాన్నా అంది. నేను వద్దన్నాను. వద్దనే అన్నాను."

"ఫోను!"

అప్పటికే చేస్తున్నాడు. అవతల మోగుతోంది, మోగుతూనే ఉంది. "చప్పుడు వినపడకుండా చెవులకి డిప్పలు పెట్టుకుంటుంది," అన్నాడు ఫోనుకేసి చూస్తూ. "నేనే నేర్పాను. డిప్పలు లేకుండా రంపం దగ్గరికి పోకూడదని నేనే నేర్పాను."

"మీరు పదండి. అంబులెన్సుకి నేను చెప్తాను," అన్నాడు ఫ్రాస్ట్, ఒప్పుకోలు కాగితాన్ని రెండుగా చింపి, ఫోను తీస్తూ.

డెల్ఫీన్ పరుగెత్తింది. వెండెల్ కాళ్ళు కదల్లేదు. బల్ల పట్టుకోకుండా లేవలేని ఆర్మాండ్ లేచి, స్నేహితుడి చెయ్యి పట్టి గుంజాడు. "కదలరా! ఏడుపు తర్వాత, కదులు!" ఇద్దర్నీ వెనక సీట్లోకి తోసి డెల్ఫీన్ కారు తీసింది. ఒడ్డు వెంబడి పైకి, అక్కడ వంతెన, మళ్ళీ కిందికి. ఇంకో దారి లేదు.

అద్దాలు దించే ఉంచింది. సైరను వేస్తే కూత వినపడదని సైరను కూడా వెయ్యలేదు. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపూ మార్నీకి ఏమీ కానట్టే. ముగ్గురూ దాన్నే వింటున్నారు. అద్దంలో ఆర్మాండ్ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంది డెల్ఫీన్. కాదు. మిషను చప్పుడు వింటూ రోగం చెప్పడం అలవాటైన మనిషి, ఇంకా నిలబడింది, ఇంకా నిలబడింది అని తనలో తను అనుకుంటున్నాడు.

వంతెన సగం దాటాక కూత ఆగిపోయింది.

పని అయిపోయి మార్నీయే స్విచ్చి ఆపేసిందేమో. ఆర్మాండ్ వైపు చూసింది డెల్ఫీన్, ఆయనకి తెలుస్తుంది కాబట్టి. ఆయన వెండెల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఆ పెదవులు కదల్లేదు.